మొహిద్దీన్ మాస్టారూ, షబీనా హాల్‌టికెట్టూ

మా గులాం మొహిద్దీన్ మాస్టారికి నంబరు కనపడితే కోపం. లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యాక అది ఇంకా ముదిరింది. నరసరావుపేటలో రోడ్డెక్కితే చాలు, వచ్చే పోయే బండ్ల నంబర్లన్నిటికీ భాగారాలు చేస్తారు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోకపోతే అది ప్రైమ్. దానికి పక్కకి తప్పుకుని దారిస్తారు. మిగతావాటికి తిట్లే.

"ఏంది ఏలియా, మూడుతో పోయే నంబరేసుకుని ఆ హారనేంది?" అని ఓసారి ఆటో ఆపేశారు.

"ఆఫీసువాళ్లు ఇచ్చిన నంబరు సార్."

"ఇస్తే తీసుకోటమేనా? చూసుకోవద్దా?"

అప్పట్నించీ ఏలియా మా వీధిలోకి రాడు. చుట్టు తిరిగి పోతాడు.

నేనూ ఓ రోజు నోరుజారి, తొంభై ఒకటి ప్రైమే కదా మాస్టారూ అన్నాను. "ఏడు పదమూళ్లెంత?" అని నడివీధిలో నిలబెట్టి అడిగారు. ఆ రంజాన్‌కి మా ఇంటికి షీర్ ఖుర్మా రాలేదు.

పక్కింటి జాన్‌బీ కూతురు షబీనా ఇంటర్ లెక్కల్లో తప్పింది. మళ్లీ రాయాల్సిన రోజు పొద్దున, గడప దాటనని కూర్చుంది. హాల్‌టికెట్ నంబరు 2510134253. అంకెలన్నీ కూడితే ఇరవయ్యారు, రెండూ ఆరూ కలిస్తే ఎనిమిది. ఎనిమిదొస్తే ఏ పనీ కాదని ఫోన్లో ఎవడో జాతకాలవాడు చెప్పాడంట. జాన్‌బీ ఏడుస్తా మాస్టారిని పిలుచుకొచ్చింది. వెనకాలే నేనూ వెళ్లాను.

మాస్టారు మండిపడ్డారు. "అంకెలు కూడితే తేలేది ఒకటే, తొమ్మిదితో భాగిస్తే ఎంత మిగుల్తదో. ఆ మిగిలిన ఎనిమిదొచ్చి నీ పేపరు చింపుద్దా? ఎవడే వాడు? ఫోన్ కలుపు, నేను మాట్లాడతా."

"నాకు భయంగా ఉంది మాస్టారూ," అంది షబీనా.

ఆయన హాల్‌టికెట్ లాక్కుని చానాసేపు చూశారు. "రెండువందల యాభై ఒక్క కోట్లా లక్షా ముప్ఫై నాలుగు వేల రెండువందల యాభై మూడు. ఒసే మొద్దూ, ఇది ప్రైమే. ఇంత పెద్ద ప్రైము నా సర్వీసులో ఏ పిల్లకీ రాలా. దీన్ని పెట్టుకుని ఇంట్లో కూర్చుంటావా? లెయ్."

పిల్ల లేచింది. స్కూటరెక్కించుకుని, దారి పొడుగునా ఆ జాతకాలవాణ్ణి తిడతానే సెంటర్లో దించొచ్చారు.

మధ్యాహ్నం షబీనా మా గేటు దగ్గర ఆగింది. "బాగా రాశాను బాబాయ్. కానీ మాస్టారు తప్పు చెప్పారు. అది ప్రైమ్ కాదు."

"నీకెట్టా తెలుసు?"

"ఒకటి విడిచి ఒకటి కూడితే పదమూడు. మిగిలినవి కూడినా పదమూడే. రెండూ సమానమైతే పదకొండుతో పోతుంది. ఆయన నేర్పిందే. పేపరిచ్చేలోపు చేసి చూశా."

నేను తిన్నగా మాస్టారింటికి వెళ్లాను. "ఆ నంబరు పదకొండుతో పోతుందంట గదా?"

"పోద్ది. నాకు కనపళ్లేదనుకున్నావా?" అని గయ్యిమన్నారు. "పరీక్ష రాసేది నంబరా, పిల్లా? నువ్వెళ్లి దానికి చెప్పమాక."

"నాకు చెప్పిందే ఆ పిల్ల, మాస్టారూ."

"అదే కనిపెట్టిందా?" అన్నారు. మొహం కోపంగా పెడదామని చానా తంటాలు పడ్డారు గానీ, మీసాల కింద పెదాలు ఆయన మాట వినలేదు.