దూకింది నేను కాదు

పదకొండేళ్లు ఒక మాటను లోపలే పెట్టుకుని తిరిగాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను చూసి జాలిపడకండి. నాకిప్పుడు వస్తున్నది ఏడుపు కాదు, కోపం. అందులో ఎక్కువ భాగం నా మీదే.

నేను సినిమాల్లో మృగాల వేషాలు వేస్తాను. ఎలుగుబంటి, కోతి, తోడేలు ముఖం మనిషి, పేరు పెట్టని రాక్షసులు. రబ్బరు, స్పాంజి, బొచ్చు కలిపి కుట్టిన తొడుగులో దూరి నాలుగు కాళ్ల మీద నడుస్తాను, గోడలెక్కుతాను, చివరికి హీరో చేతిలో చస్తాను. నా ముఖం మీరు చూసి ఉండరు. కానీ ఒక సినిమాలో రాతి గుట్ట మీది నుంచి ఒక మృగం నడుస్తున్న లారీ మీదికి దూకుతుంది. ఆ ఒక్క దూకుడుతో నాకు పేరొచ్చింది. ఈ రోజుకీ నన్ను పిలిచేవాళ్లు దాని గురించే మాట్లాడతారు.

ఆ తొడుగు లోపల ఉన్నది నేను కాదు. యాదయ్య.

నేను కృష్ణా జిల్లా నుంచి కానిస్టేబుల్ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను. పరుగులో నెగ్గాను, రాతపరీక్షలో రెండుసార్లు పోయింది. హాస్టల్లో పక్క మంచం అతను ఒకరోజు సినిమాలో గుంపులో నిలబడే పనికి తీసుకెళ్లాడు. యాదయ్య అక్కడే పరిచయం. నల్గొండ వైపు మనిషి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఎల్‌బీ నగర్‌లో ఒక గల్లీలో ఒక్క గది కిరాయికి తీసుకుని భార్య సత్తెమ్మతో, చిన్న కూతురితో ఉండేవాడు. మృగం వేషమంటే అప్పట్లో అందరూ ఆయన్నే పిలిచేవాళ్లు. నేను యాదన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు.

నాకు పని నేర్పింది ఆయనే. జూపార్కుకు తీసుకెళ్లి ఎలుగుబంటి ముందు సాయంత్రం దాకా నిలబెట్టాడు. కాళ్లు చూడొద్దు, భుజాలు చూడమన్నాడు. మృగం ముందు భుజం కదుపుతుందట, తల ఆఖరున తిప్పుతుందట. వీపు మీద జిప్పు పడ్డాక లోపల గుండె దడదడలాడితే ఊపిరి ఎలా లెక్కపెట్టుకోవాలో చెప్పాడు. పని లేని రోజుల్లో వాళ్లింట్లోనే తిన్నాను. ఆ ఇంటి జొన్నరొట్టెలు తిన్న చేత్తోనే తర్వాత ఒక తప్పుడు సంతకం పెట్టాను.

హయత్‌నగర్ దాటాక ఒక పాత క్వారీలో షూటింగ్. దూకాల్సింది నేను. ఆ రోజు పనివాళ్ల పట్టికలో ఆ వేషానికి ఎదురుగా నా పేరే ఉంది. తొడుగు వేసుకుని అంచు మీద నిలబడ్డాను. మృగం కళ్లున్న చోట మనకేమీ కనపడదు, నోటి దగ్గరి సందులోంచి చూడాలి. ఆ సందులోంచి నాకు ఆకాశం కనిపించింది, ఎదుటి గుట్ట కనిపించింది. కింది లారీ కనిపించలేదు. అంచు నుంచి వెనక్కి జరిగాను. కడుపునొప్పి అన్నాను. అబద్ధమని యాదన్నకు తెలుసు. నా ఒంటి మీది తొడుగు విప్పించి తాను వేసుకున్నాడు. వీపు మీద జిప్పు నేనే లాగాను.

ముందు తాడుకు ఇసుక బస్తా కట్టి ఒకసారి వదిలి చూడమని యాదన్న అడిగాడు. వెలుతురు పోతోందన్నారు. మర్నాడు రాని వెలుతురా అది? ఆ మాట అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

దూకాడు. గాల్లో ఆ భుజాలు, ఆ తల... నిజంగా మృగమే అనిపించింది. నడుముకు కట్టిన తాడు ఒక్కసారి వదులైంది. లారీ మీద పడాల్సినవాడు దాని అంచుకు కొట్టుకుని కింద పడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లు. నటిస్తున్నాడనుకున్నారు. లేవకపోయేసరికి పరుగెత్తాం. జిప్పు తీయాలంటే బోర్లా తిప్పాలి. తిప్పబోతే లోపలి నుంచి కేక. ఎవరో తొడుగు కోసేద్దామని కత్తెర తెచ్చారు. ప్రొడక్షన్ మేనేజర్ అడ్డం వచ్చి, "కొయ్యకండయ్యా, రేపు దాంతో పనుంది" అని అరిచాడు. పదకొండేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నా పళ్లు గట్టిగా బిగుసుకుంటాయి. కానీ ఆ రోజు నేనేం చేశాను? కత్తెర పట్టుకున్నవాడి చెయ్యి ఆగిపోతే చూస్తూ నిలబడ్డాను.

దవాఖానలో యాదన్న నడుము విరిగిందని చెప్పారు. మేనేజర్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "పట్టికలో నీ పేరే ఉంది కదా. అంటే దూకింది నువ్వే. నువ్వు శుభ్రంగా నిలబడి ఉన్నావు కదా. మరి సెట్లో దెబ్బ ఎవరికి తగిలినట్టు?" యాదయ్య ఇంట్లో మెట్ల మీది నుంచి పడ్డాడని దవాఖాన కాగితాల్లో అప్పటికే రాయించేశారు. ఆ రోజు వేషం వేసింది నేనేనని రాసిన కాగితం నా ముందు పెట్టారు. వచ్చే సినిమాలో పెద్ద మృగం నాదేనన్నాడు. సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టాను? ఆ వేషం మీద ఆశ. నిజమే. కానీ అంతకంటే సిగ్గుచేటైనది ఇంకొకటుంది. నిజం చెబితే, నేను భయపడి తప్పుకున్నానన్న సంగతి కూడా బయటపడుతుంది. నా భయాన్ని దాచుకోవడం కోసం ఒక మనిషి నడుము విరిగిన సంగతినే లేకుండా చేశాను. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను, వాళ్లు బలవంతులు, నేను కుర్రాణ్ని, ఏం చేయగలను అని. వట్టి మాట. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పెన్ను నాదే.

మూడో రోజు యాదన్నను చూడటానికి వెళ్లాను. కదలకుండా పడుకుని ఉన్నాడు.

"తమ్మీ, నేను ఇంట్ల మెట్ల మీదకెల్లి పడ్డనట. కాయితంల గట్లనే రాసిన్రు. నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, చెప్పకపోతివా?"

"ముందు నువ్వు కోలుకో యాదన్నా. తర్వాత చూద్దాం."

"సంతకం పెట్టినవా?"

నేను సెలైన్ సీసా వైపు చూశాను.

"పెట్టినవ్," అన్నాడు. తిట్టలేదు. "జిప్పు ఏసింది గూడ నువ్వే గదరా," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ఆ కాగితం వల్ల యాదన్నకు రావలసిన సాయం ఏదీ రాలేదు. మా సినిమా పనివాళ్ల సంఘం వాళ్లు సెట్లో ప్రమాదమే జరగలేదన్నారు. ఒకరోజు సత్తెమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో నా గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నువ్వొక్క మాట చెప్తే సాలు తమ్మీ, ఇంకేం అడుగ," అంది. చూస్తానక్కా అన్నాను. వారం తిరక్కుండా గది మారిపోయాను.

సినిమా విడుదలైంది. ఆ దూకుడును అలాగే వాడుకున్నారు, లారీ అంచు తగిలే ముందు కత్తిరించి. దిల్‌సుఖ్‌నగర్‌లోనే హాల్లో కూర్చుని చూశాను. ఈలలు, కాగితాల ముక్కలు. నాతో వచ్చినవాళ్లు నా భుజం తట్టారు. తట్టించుకున్నాను. తర్వాత ఎవరు అడిగినా, నెల రోజులు ఎలా సాధన చేశానో, భయాన్ని ఎలా జయించానో కథ చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ కథ నాకే నోటికి వచ్చేసింది. సెట్లో కొత్తవాళ్లకు జాగ్రత్తలు కూడా చెప్పేవాణ్ని, పెద్దమనిషిలా.

ఈ మధ్య ఒక వీడియో ఛానల్ వాళ్లు వచ్చారు. యాంకరమ్మాయి అడిగితే సోఫా మీది నుంచి దూకి చూపించాను కూడా. ఆ వీడియో కింద ఒక అమ్మాయి ఒకే వాక్యం రాసింది. "ఆ దుంకింది మా నాయిన." యాదన్న కూతురు. అప్పుడు ఏడేళ్ల పిల్ల. దాని కింద జనం ఎన్ని బూతులు తిట్టారో ఇక్కడ రాయలేను. ఫేమస్ అవుదామని వచ్చిందన్నారు. వాళ్లందరూ నా తరఫున తిడుతున్నారు! రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. ఛానల్ వాళ్లు ఫోన్ చేసి ఆ కామెంట్ తీసేయమంటారా సార్ అని అడిగారు. మీ ఇష్టం అన్నాను. తీసేశారు.

మొదటి తప్పుకు వయసనీ భయమనీ ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. దీనికి ఏం పెట్టుకోను? ఏ బెదిరింపూ లేదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, రెండోసారి ఆ ఇంటి నోరు నొక్కాను.

మర్నాడు పొద్దున అడ్రసు కనుక్కుని బడంగ్‌పేట్ వెళ్లాను. అక్కడ యాదన్న, సత్తెమ్మ స్కూలు పిల్లల ఫంక్షన్లకు వేషాల బట్టలు కిరాయికిచ్చే చిన్న షాపు పెట్టుకున్నారు. యాదన్న కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని, పిల్లల పులి డ్రెస్సుకు ఊడిన తోక కుడుతున్నాడు. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. అన్నీ చెప్పాను. కామెంట్ సంగతి కూడా. కూతురు లోపలి నుంచి విని తలుపు వేసుకుంది. సత్తెమ్మ నా వైపు చూడనేలేదు. యాదన్న దారం తెంపి, అప్పుడు తలెత్తాడు.

"ఇదంత నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పుపో."

కూర్చోమనలేదు. వచ్చేశాను.

అదే రోజు సంఘానికి నా పేరు, సంతకం పెట్టి జరిగిందంతా రాసిచ్చాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకండీ, అందరికీ ఇబ్బంది అన్నారు. అందరికీ అట! నడవలేనిది ఒక్కడు, ఇబ్బంది మాత్రం అందరికీ. తీసుకోకపోతే వెళ్లనన్నాను. తీసుకున్నారు. ఛానల్‌కు కూడా పంపాను, ఇంకా జవాబు లేదు. దానివల్ల యాదన్నకు ఏమైనా వస్తుందో రాదో నాకు తెలియదు. పిలిచే సినిమాలు నాకు ఆగిపోవచ్చు. ఆగిపోనివ్వండి.

ఇక్కడ నా పేరు ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. ఆయన పేరుండాల్సిన చోట నా పేరు చాలా ఏళ్లుంది. ఇక చాలు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఎవరి చేతుల్లో ఉందో వాళ్లు తలుపు వేసుకున్నారు. తప్పు చేసినవాణ్నే, ఇకముందు కూడా ఆ మాట మారదు. కానీ ఈ పూట, దాచుకున్నవాణ్ని మాత్రం కాదు.