ఎర్ర సిరా గీత

తొంభైల్లో నేను ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో బడిపంతులుని. ఓ మధ్యాహ్నం ఆత్మకూరు బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. ఆమె ఒళ్లో పదేళ్ల పిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల వేళ్లన్నీ తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి.

ఏమైందని అడిగాను.

"రొయ్యలు ఒలిచే షెడ్డులో దొరికింది సార్. మాది లేబర్ ఆఫీసు. పోలీసోళ్లూ మేమూ కలిసి పోయినాం. ఓనరేమో పదిహేనేళ్లంటాడు. వయసు రుజువుకని ఈ బిడ్డ చదివిన బళ్లో రిజిస్టరు చూసి వస్తుండా. ఇంక ఈ బిడ్డని హాస్టల్లో చేర్చాల."

"రిజిస్టర్లో పేరుందా?"

"ఉండాది. దానిమీద ఎర్ర సిరా గీతా ఉండాది."

చాలాకాలం రాని పిల్లల పేర్లు మేమందరం కొట్టేసేవాళ్లమే. ఆ మాటే చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఈగలు వాలకుండా పిల్ల చేతుల మీద పైట కప్పింది.

"కొట్టేయండి సార్, కాదనను. కొట్టేసి గమ్మునుండబాకండి. మాకో కార్డు ముక్క రాయండి. బిడ్డ కనపడలేదని ముందు తెలిసేది మీకే గదా."

ఆ వారం మొదట్లోనే నేను మూడు పేర్లు కొట్టేసి ఉన్నాను. ఆత్మకూరులో దిగి నేరుగా పోస్టాఫీసుకి నడిచాను.

ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు. మూడో పేరు మీద నా గీత అలాగే ఉండిపోయింది.