వంతెన దాటని గుర్రం

కళ్ళజోళ్ళ షాపాయనకి పాత కంప్యూటర్ ఆటల అభిమాన సంఘం అధ్యక్షపదవి ఊరికే రాలేదు. ‘ఎర్ర గుర్రం’ ఆట గురించి ఆయన మొదలుపెడితే, కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా వచ్చిన పని మరిచిపోయేవారు. గుర్రం కందకం దూకడం, కోటగోడ చుట్టి రావడం, విరిగిన వంతెన దగ్గర ముందుకాళ్ళు ఎత్తి లోయలో పడిపోవడం, అన్నీ కళ్ళకు కట్టేవాడు. చివర్లో లెన్సు తుడిచే గుడ్డతో తన కళ్ళు ఒత్తుకునేవాడు.

"ఇప్పటి ఆటల్లో ఏముందండీ, రంగులు తప్ప!"

నిజానికి ఆయన ఆ ఆట ఒక్కసారీ ఆడలేదు. కుర్రతనంలో కంప్యూటర్ల షాపు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు, అంతే. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. వెళ్ళినా కుర్చీలో కూర్చోనిచ్చేవాళ్ళు లేరు. అయినా ఆట కోసం ఏడవాలంటే ఆడి ఉండాలని రూలేం లేదు కదా! కాకపోతే ఈ సంగతి సంఘంలో తెలిస్తే తలెత్తుకోలేనన్న భయం మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ భయాన్ని నట్టింట్లోకి తెచ్చింది సొంత బావమరిదే. ఒక ఆదివారం షాపు వెనకగదిలో, అద్దాలు అరగదీసే మిషను చుట్టూ కూర్చుని సభ్యులంతా "ఆ రోజులే వేరు" అనుకుంటుండగా, చంకలో పాత కంప్యూటర్‌తో దిగబడ్డాడు.

"బావా, దొరికింది నీ ఎర్ర గుర్రం! ఇవాళ నువ్వు ఆడాలి, మేం చూడాలి."

కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు బావమరిది. షాపాయన గబుక్కున సంఘం కార్యదర్శి అయిన బీమా ఏజెంటు వైపు తిరిగాడు. గుర్రం పేరెత్తితే ఈయనకన్నా రెండు చుక్కలు ఎక్కువే రాల్చే మనిషి.

"మీరు పెద్దవారు. ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, అధ్యక్షులు మీరుండగా నేనా! పైగా నాకు మెడ పట్టేసింది."

ఏజెంటు పక్కాయనకి చెయ్యి బెణికిందట. ఆ పక్కాయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడట, కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని!

ఈ మర్యాదలు తెమిలేలోపు, ఎవరూ ఏదీ నొక్కకుండానే తెర మీద గుర్రం తనంతట తానే బయల్దేరింది. కందకం, కోటగోడ, వంతెన... గుర్రం ఇంకా కాళ్ళు ఎత్తకముందే అందరూ ఒక్క గొంతుతో "అయ్యో!" అన్నారు. అప్పుడు పడింది గుర్రం. మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇది ఆట కాదు బావా," అన్నాడు బావమరిది. "ఎవరూ ఆడకపోతే దానంతట అదే తిరిగే డెమో. షాపులవాళ్ళు అద్దంలో పెట్టేది ఇదే. అసలు ఆట వంతెన అవతల బోలెడుంది."

షాపాయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో వంతెన అవతలి ఊసు ఒక్కరూ ఎత్తలేదు! అంటే ఇక్కడున్నవన్నీ అద్దానికి ఆనిన ముక్కులేనన్నమాట. గుండె మీంచి బండ దిగినట్టయింది.

"నేనెప్పుడూ ఆడలేదురా. ఏది నొక్కాలో చెప్పు," అంటూ కుర్చీ లాక్కున్నాడు. గుర్రం మొదటి కందకంలోనే బోర్లా పడింది.

సభ్యులకి ఒళ్ళు మండింది.

"గుర్రాన్ని అలాగేనా తోలేది! మా రోజుల్లో అది కందకంలో పడ్డం ఎవరైనా చూశారా?" మెడ సంగతి మరిచిపోయి గిర్రున తిరిగాడు ఏజెంటు.

ఆటని ఇలా పాడుచేసే మనిషి సంఘానికి తగడని అక్కడికక్కడే తేల్చేశారు. ఏజెంటు అధ్యక్షుడై, గద్గదస్వరంతో నాలుగు మాటలు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక గుర్రం మళ్ళీ కందకంలో పడిన చప్పుడు.

"బావా, నీ పదవి ఊడింది."

"ఊడనీరా. దూకడానికి ఏది నొక్కమన్నావు?"