ఇంకా మొదలుపెట్టలేదు

అమెరికాలోని హెర్న్‌డన్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక స్పెయిన్ పెద్దాయన ఉండేవారు. రోజువారీ బతుకుల బొమ్మలు వేసేవారు. కుర్రతనంలో ఆయన గురువు, "అక్కడ నీకోసం ఎవరూ కదలకుండా కూర్చోరు, గీసుకో పో" అని చేపల బజారుకి తోలాడట. అందుకేనేమో, ఎవరైనా బొమ్మకని కూర్చుంటే, పెన్సిల్ చెక్కుకుంటూ "ఇంకా మొదలుపెట్టలేదు" అనేవారు.

హాల్లో పెట్టుకునే బొమ్మ కోసం నేను పట్టుచీర కట్టుకుని గంటసేపు బిగుసుకుని కూర్చున్నాను. అదే మాట. విసుగొచ్చి, కొంగు దోపుకుని వంటింట్లోకెళ్లి, పెసరట్లు వేస్తూ, గిన్నెలు తోమలేదని మా ఆయన్ని దులిపేశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దాయన. బొమ్మ పూర్తయింది. అందులో అట్లకాడ ఎత్తి, నోరు తెరిచి నేను.

"ఫ్రేమ్ చేయిద్దాం. సౌండ్ ఒక్కటే మిస్సయింది," అన్నారు మా ఆయన.