ఓక్ చెట్ల కింద కాసిల్దా కట్టిన మంద

కాసిల్దాకి డెబ్బై రెండేళ్లు. నలభై గొర్రెలు, ఒక్క నోరు. ఆ నోరు నలభై గొర్రెల్నీ, మా ఊరినీ కలిపి అదుపులో పెట్టగలదు. ఉమ్మడి బీడులో ముసలి ఓక్ చెట్ల కింద వాటిని మేపుకునేది. కిందటేడు ఆ నేల కాస్తా బోడిగా మిగిలింది. దాంతో ఊరు కూర్చుని తేల్చేసింది: వచ్చే నవంబరులో సమాధుల పండుగ నాటికి పచ్చిక రాకపోతే, దున్ని ఓట్స్ గింజలు చల్లాలి. మరి గొర్రెలు? కసాయికే!

తప్పు ఆమెదే. చెట్ల కింద మూడాకుల గడ్డి (క్లోవర్) గింజలు చల్లి, గొర్రెలు తొక్కేస్తాయని ఆ వసంతమంతా అటు రానివ్వలేదు. పొడుగు గడ్డి లేచి చిట్టి మూడాకుల్ని మింగేసింది, ఎండలకి అదీ మాడిపోయి నేల బోడిదైంది. గొర్రెలు పైగడ్డి మేస్తేనే మూడాకులు బతికేది! అయినా మూడాకు తన గింజని తనే నేలలోకి గుచ్చుకుంటుంది కదా, కాస్తయినా మిగలదా అని కాసిల్దా ఆశ.

జూలై ఎండల్లో ఆ బోడి నేల మీదే మంద కట్టింది. రెండు రాత్రులకోసారి వల దడి పీకి పక్కకి జరపడం, అంతే పని.

"ఏమక్కా, దుమ్ము మేపుతున్నావా?" అన్నాడు ఆమె చిన్నాన్న కొడుకు ఎలాదియో. దున్నాల్సిన ట్రాక్టరు అతనిదే.

"పెంట వేయిస్తున్నానురా. నీ ట్రాక్టరు పొగ తప్ప ఏం వేస్తుంది?"

సెప్టెంబరులో కంటి ఆపరేషనుకి వెళ్తూ, ఎనిమిది రోజులు మందని అతనికే అప్పగించింది.

"దడి జరపడం మర్చిపోకురోయ్!"

"జరుపుతాలే తల్లీ, నువ్వెళ్లు!"

అక్టోబరులో వానలు పడ్డాయి. పండుగ మర్నాడు ట్రాక్టరు ముందు, ఊరంతా వెనక. జేబుల్లో కాల్చిన చెస్ట్‌నట్లు. బీడు గట్టు మీదికి ఎక్కామో లేదో, ఒకటే కేకలు! చెట్ల కింద పచ్చటి చదరాలు! దడి వేసిన చోటల్లా ఒక చదరం, బొంతకి అతుకులేసినట్టు, ఈ చెట్టు నుంచి ఆ చెట్టు దాకా మూడాకులే మూడాకులు!

నట్టనడుమ ఒక్క చదరం మాత్రం మాడి నల్లగా ఉంది.

కాసిల్దా కొత్త కన్ను చికిలించింది. "ఒరేయ్ ఎలాదియో! ఎనిమిది రాత్రులూ ఒక్కచోటే ఉంచావా?"

"పెంట ఎక్కువైతే ఇంకా మంచిదనుకున్నానక్కా..."

"ఒళ్లు వంగలేదని చెప్పరా!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. దున్నే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎలాదియో మెల్లగా ట్రాక్టరు వెనక్కి తిప్పబోయాడు.

"ఎక్కడికిరా? దిగు. పార పట్టుకురా. ఆ పెంటంతా తోడి అటుపక్క చెట్ల కింద చల్లు."

గొర్రెలు అప్పటికే పచ్చ చదరాల్లోకి దూరాయి. ఈసారి వాటిని ఆమె ఆపలేదు.