నా పురాణం, అమ్మ కన్ను

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక శనివారం శనివారం గుడిలో పురాణం చెబుతున్నాను. ఒక తాగుబోతు చేత సీసా మాన్పించాను, పొలం గట్టు దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములను కలిపాను. ఎవరికి ఏ కథ చెబితే దారికొస్తారో నాకు తెలుసని కొంచెం గర్వం కూడా. ఇంట్లో మాత్రం నా పప్పులు ఉడకలేదు.

మా అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఎడమ కన్ను దక్కదని భద్రాచలంలో డాక్టరు తెగేసి చెప్పాడు. అమ్మ ససేమిరా అంది.

"దేవుడు రాసిన రాతరా. కత్తి పెడితే మారుతదా?"

"మనిషి తన ప్రయత్నం తాను చెయ్యాలనే శాస్త్రం చెప్తుందమ్మా," అని ఒక శ్లోకం అందుకున్నాను.

"మరి విధిని దేవుళ్లే తప్పించుకోలేదని మొన్న మైకుల చెప్పినవ్ గదా?"

"అది వేరే సందర్భం!"

"నాది ఏం సందర్భం మరి?"

హరి హరీ! ఊరందరికీ చెప్పిన మాట నా మెడకే చుట్టుకుంది. మూడు రోజులు వాదించాను. నేను ఒక కథ తీస్తే ఆమె రెండు తీసింది, అన్నీ నా దగ్గర విన్నవే. ఒళ్లు మండి, "నీ ఇష్టం, గుడ్డిదానివై కూసో" అనేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాలుగోనాడు ములకలపల్లి అడవి పల్లె నుంచి అడ్డాకులు తెచ్చే ఆవిడ వచ్చింది. వాటితో గుడి ప్రసాదానికి విస్తర్లు కుట్టేది అమ్మే. ఆ రోజు చూపు ఆనక పుల్ల ఆకులో కాకుండా అమ్మ వేలిలో గుచ్చుకుంది. మా వాదన సంగతి ముందే విన్న ఆవిడ ఆ వేలు పట్టుకొని అడిగింది.

"ఏందవ్వా, ఆపరేషనంటే బయమా?"

"అవ్ బిడ్డా. మా అమ్మకు గిట్లనే కన్ను కోసిండ్రు. ఉన్న చూపు పోయింది. సచ్చేదాక నన్ను తడిమే గుర్తుపట్టింది," అంటూ అమ్మ ఏడ్చేసింది.

నేను పుట్టకముందే పోయిన అమ్మమ్మ. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు.

"నాకు రెండు కండ్లూ కోసిండ్రు. సూడు, ఏమన్న అయిందా?" అని ఆవిడ తన రెప్పలు వేళ్లతో విప్పి చూపించింది. "పోదాం పా. చెయ్యి పట్టుకొని నేను కూసుంట."

మర్నాడే ముగ్గురం భద్రాచలం ఆటో ఎక్కాం. ఆపరేషనయింది, ఎడమ కన్ను దక్కింది. ఇంటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగినవా బిడ్డా?" అంది నల్లద్దాల వెనక నుంచి. "చెప్పుడే సరిపాయె నీకు."