హద్దురాయికి తగిలించిన కొక్కెం

నా జీపు ముందర వించ్, అదే దిగబడిన బండిని తాడుతో బయటికి లాగే మోటారు, పెట్టించుకున్నది బురదకు భయపడి కాదు. మా అన్నకు ఫోన్ చేయాల్సి వస్తుందేమోనని భయపడి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకు మాత్రం, పని మీద చేన్లు పట్టుకుని తిరిగేవాణ్ణి కదా, ఒక ధైర్యం ఉంటుందిలే అనేవాణ్ణి. అడిగినవాళ్ళు కూడా ఇద్దరే అనుకోండి.

సోలార్ మోటార్లు బాగుచేయడం నా పని. పత్తికొండలో ఒక గది, దాని కింద రేకుల షెడ్డు, షెడ్డులో పాత ఫోర్ వీల్ జీపు. బోరు ఎప్పుడూ రోడ్డు పక్కన ఉండి చావదు. దారి అయిపోయాక ఇంకో రెండు చేన్లు దాటితేగానీ కనపడదు. ఎర్రనేలల్లో పర్వాలేదు. పడమటి దిక్కు నల్లరేగడిలోకి దిగామా, ఒక్క వాన చాలు, చక్రాలకు మట్టి ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది. గేరు మార్చేకొద్దీ బండి కిందికే పోతుంది.

మా తట్టు ఒక పద్ధతి ఉంది. బండి దిగబడితే ఎవరి మనుషుల ట్రాక్టరు వాళ్ళకు రావాలి. సొంత అన్నకు ట్రాక్టరు ఉండగా బయటివాడు గొలుసు తగిలించడు. తగిలిస్తే ఆ ఇంటి తగాదాలో ఒక పక్కన చేరినట్టు లెక్క. మా అన్నకు ట్రాక్టరుంది. మా ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

తగాదా చెప్పుకోదగ్గది కూడా కాదు. చేను పంచుకునేనాడు కొలతలో జానెడు తేడా వచ్చింది. జానెడంటే జానెడే. ఊరి పెద్దలందరి ముందర నేను, "పెద్దోడివని దోచుకుంటాండావు" అన్నాను. నాకు కోపమొస్తే నోరు ఆగదు, అది చిన్నప్పటి రోగం. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళ కిందట నా భార్య పోయినప్పుడు వచ్చాడు. వాకిట్లో ఒక పక్కగా నిలబడ్డాడు, శ్మశానం దాకా నడిచాడు, అటునుంచి అటే పోయాడు. మాకు పిల్లల్లేరు. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చాక తలుపు నేనే తీసుకున్నాను, నేనే వేసుకున్నాను.

పోయిన ఏడాది ఒక చేన్లో ఇరుసు దాకా దిగబడ్డాను. పక్క చేన్లో దున్నుతున్నాయన్ని బతిమాలితే ట్రాక్టరు ఆపనన్నా ఆపకుండా, "మీ అన్నది ఉండాది కదప్పా, ఫోన్ కొట్టు" అన్నాడు. సాయంత్రం దాకా పార పట్టుకుని మట్టి తీశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ మరుసటి వారమే కర్నూలు పోయాను.

అక్కడ జీపులకు మాత్రమే పనిచేసే ఒక ముసలి మెకానిక్కు ఉన్నాడు. గడ్డం తెల్లబడింది గానీ నాలుక పదును తగ్గలేదు. నేను గోడకు ఆనించి ఉన్న వించ్‌లలో పెద్దదాన్ని చూపించి, స్టీలు తాడుది, అది కావాలన్నాను. ఆయన నా జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బండిలో ఎంతమంది పోతారప్పా?"

"నేనొక్కణ్ణే."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అట్లయితే స్టీలు తాడొద్దు. అది తెగి ఎగిరితే మనిషిని నరుకుతాది. ఒక్కడివే ఉంటే ఎత్తుకుపొయ్యేవాడు గూడా ఉండడు. నైలాను మాదిరిది వచ్చింది, అది తీసుకో. తెగినా పానం తియ్యదు."

మనిషి ఒంటరితనాన్ని బట్టి తాడు కూడా మారుతుందని నాకు ఆ రోజే తెలిసింది. నవ్వాను గానీ, లోపల ఎక్కడో చురుక్కుమంది.

తర్వాత ఆయన ఒక పాఠమే చెప్పాడు. బండి, సామాన్లు అన్నీ కలిపి ఎంత బరువో దానికి ఒకటిన్నర రెట్లు లాగే వించ్ ఉండాలి. బురదలో దిగబడిన బండికి బురద బరువు కూడా తోడవుతుంది. పాత బ్యాటరీ పనికిరాదు, పెద్దది పెట్టాలి. ఇంజను ఆపి వించ్ తిప్పకూడదు. తాడంతా విప్పేయకుండా డ్రమ్ము మీద అయిదారు చుట్లు మిగల్చాలి. లాగేటప్పుడు, తెగినా ఎగరకుండా తాడు మీద తడిగోనె వేయాలి. తాడుకు ఎదురుగా నిలబడకూడదు. అన్నీ చెప్పి, "దేనికి తగిలిస్తావు కొక్కెం?" అని అడిగాడు.

"చెట్టుకు."

"రేగడి చేన్లలో చెట్లు యాడుండాయప్పా?" అని లోపలికి పోయి, నాగలి కర్రులాంటి బరువైన ఇనుప సామాను ఒకటి తెచ్చాడు. నేలలో గుచ్చి దానికి కొక్కెం తగిలిస్తే, లాగేకొద్దీ అది లోపలికి దిగుతుందట. నేను వద్దన్నాను. మా నేల సంగతి నాకు ఒకరు చెప్పాలా అనిపించింది. ఆయన ఇంకేమీ బలవంతం చేయలేదు. బోల్టులు బిగిస్తూ, "తగిలించేది బండి కంటే గట్టిది ఉండాల. లేకుంటే బండి ఆడనే ఉంటాది, తగిలించిందే నీ దగ్గరికి వస్తాది" అన్నాడు.

మొదటిసారి దాన్ని వాడింది డోన్ దగ్గర ఒక వంకలో. ఇసకలో చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలడం లేదు. గట్టున ఉన్న తుమ్మచెట్టుకు పట్టీ చుట్టి, కొక్కెం తగిలించి, పక్కకు జరిగి రిమోట్ నొక్కాను. స్టీరింగు దగ్గర మనిషి లేకుండా నా జీపు నా వైపు మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. భలే సంతోషమేసింది. ఎవరికైనా చెప్పాలని ఫోన్ తీశాను. పేర్లు కిందికి జరుపుతూ పోయాను. మోటార్ల వాళ్ళు, వైర్ల వాళ్ళు, పైపుల వాళ్ళు. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకుని, గోనెసంచి మడిచి, ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా భాగానికి వచ్చిన నాలుగెకరాల్లో ఏడాదికోసారి శనగ వేస్తాను. మొన్న వానలు తెరిపిచ్చాక, విత్తడానికి నేల పదునుకొచ్చిందో లేదో చూద్దామని మధ్యాహ్నం పోయాను. పైన ఆరి పెంకు కట్టి ఉంది. రేగడిలో పుట్టి పెరిగినవాడు పై పెంకును నమ్మకూడదు. నేను నమ్మాను. నడిస్తే చెప్పులకు మట్టి పడుతుందని బండితోనే చేన్లోకి దిగాను. ఇరవై గజాలు పోయానో లేదో, ముందర చక్రాలు రెండూ కూరుకుపోయాయి.

కంగారుపడలేదు. వించ్ ఉంది కదా. తాడు విప్పి చుట్టూ చూశాను. చూపు ఆనినంత మేరా నల్లటి నేల. చెట్టు కాదు కదా పుల్ల కూడా లేదు. ఉన్నదల్లా మా అన్న చేనికీ నా చేనికీ నడుమ గట్టు మీద హద్దురాయి ఒక్కటే.

నడుమెత్తు రాయి అది. పంపకాలనాడు పెద్దమనుషులు దగ్గరుండి పాతించారు. ఎప్పుడైనా చోటు తేడా వస్తే తవ్వి చూసుకోవడానికని గుంత అడుగున కట్టెబొగ్గులు పోయించారు. "ఈ రాయి మీరు పొయ్యేదాకా కదల్దు, మీ తరవాత గూడా కదల్దు" అన్నాడు ఒక పెద్దాయన. వించ్ గురించి అన్ని జాగ్రత్తలు విని వచ్చిన నేను ఆ క్షణాన నమ్మింది ఆ మాటనే. పెద్దలు పాతించిన హద్దురాయి కదలడమేమిటి? పట్టీ చుట్టాను, కొక్కెం తగిలించాను, గోనె వేశాను, పక్కకు జరిగాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను.

తాడు బిగుసుకుంది. మోటారు మూలిగింది. నా చూపంతా చక్రాల మీదే ఉంది. బురదలోంచి బుడగలు వస్తుంటే బండి లేస్తోందనుకున్నాను. తల తిప్పి చూసేసరికి రాయి గుంతలోంచి ఊడి, అడ్డంగా పడి, నా వైపు జరుగుతూ వస్తోంది. రిమోట్ వదిలేసరికి గట్టు తెగి రెండు బారల దూరం వచ్చేసింది.

వెనక్కి పెడదామని రాయికి చెయ్యి వేశాను, ఒక కొన కూడా లేవలేదు. గుంత అప్పటికే సగం పూడిపోయింది. దూరంగా గొర్రెలు తోలుకుపోతున్న మనిషి ఒకడు ఆగి చూశాడు. కాసేపు చూసి ఊరి దిక్కు నడిచాడు. వాడు నాకంటే ముందు ఊళ్ళోకి పోయాడంటే, తమ్ముడు హద్దురాయి పీకినాడంట అనే మాట ముందు మా అన్న చెవిన పడుతుంది. ఆ తర్వాత నేనేం చెప్పినా వినేదెవరు? దోచుకుంటున్నావని ఆరేళ్ళ కిందట ఆయన్ని అన్నవాణ్ణి నేను. ఉన్న ఒక్క తోడబుట్టినవాడు ఇంక జన్మకు లేకుండా పోతాడు. చెప్పులు చేతబట్టుకుని, అడ్డంగా చేన్లకు పడి పరుగెత్తాను.

అన్న వాకిట్లో విత్తే గొర్రుకు గ్రీజు పెడుతున్నాడు. వదిన ముందు చూసింది. "ఏమబ్బీ, ఇట్లా ఎగబోసుకుంటా వచ్చినావు?" అని చెంబుతో నీళ్ళు తెచ్చింది. నీళ్ళు తాగకుండానే చెప్పేశాను.

"అన్నా, హద్దురాయి ఊడిపొయ్యింది. నేనే ఊడదీసినా. బండికి కట్టి లాగినా, అదే వచ్చేసింది. కావాలని చేసింది కాదు."

ఆయన గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "బండి యాడుండాది?"

"ఆడనే ఇరుక్కోనుండాది."

"పా" అన్నాడు. గడ్డపార, పార తీసుకుని ట్రాక్టరెక్కాడు. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను. దారిలో ఆ గొర్రెలాయన ఎదురొచ్చి, "ఏమప్పా, అన్నదమ్ములు ఒకటైనారే" అని పళ్ళికిలించాడు.

"రాయి పాతనీకి పోతాండాం" అన్నాడు మా అన్న.

గట్టి నేల మీదే ట్రాక్టరు ఆపి, పొడుగు గొలుసు వేసి జీపును వెనక్కి లాగేశాడు. అరగంట కూడా పట్టలేదు. తర్వాత గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టాడు. నల్లమట్టిలో నల్లబొగ్గులు. ఒక్కొక్క ముద్దా చిదిపి, వేళ్ళకు గరుకు తగులుతుందేమోనని చూస్తున్నాడు. నాకేమో మనసులో ఒకటే ఆశ. ఇంక చాల్లే, రాయి లేకుంటే ఏమాయె అంటాడేమోనని. పోనీ, కళ్ళు దొబ్బినాయా అని తిట్టినా బాగుండు. ఆ తిట్టు కోసం ప్రాణం కొట్టుకుంది.

బొగ్గులు దొరికాయి. సరిగ్గా వాటి మీదికే గుంత సరిచేశాడు. గొలుసుతో రాయిని లాక్కొచ్చి, గడ్డపారతో ఇద్దరం లేపి నిలబెట్టాం. నేను పట్టుకున్నాను, ఆయన మట్టి పోస్తున్నాడు. ఆయన తల నా మోచేతి దగ్గర ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. ఆగలేకపోయాను.

"అన్నా, ఆ పొద్దు అందరి ముందర నేనన్న మాట..."

"నిట్టంగా పట్టుకో. వంగుతాంది."

పట్టుకున్నాను. ఆయన రాయి చుట్టూ తిరుగుతూ మడమతో మట్టి తొక్కాడు. చేత్తో తోసి చూశాడు, కదల్లేదు. పార ట్రాక్టరులో వేసి ఎక్కి కూర్చున్నాక, జీపు ముందున్న వించ్ వైపు మొదటిసారి చూశాడు.

"ఇంగ ఈ రాయికి కట్టొద్దు" అన్నాడు, కోపం లేకుండా, నిదానంగా. "నీ చేన్లో ఈ మూలకు యాపమొక్కొకటి పెట్టుకో. నీళ్ళు నేను పోస్తాలే, దినామూ వస్తాంటా కదా. పదేండ్లకు మాను గట్టిపడతాది. అప్పుడు దానికి కట్టుకోవొచ్చు."

నాకు యాభయ్యారు. ఆయనకు అరవై రెండు. ఫోన్ చెయ్ అనలేదు. పదేళ్ళ తర్వాత కూడా ఈ చేన్లో నా బండి దిగబడుతుందని, అప్పుడు కూడా తనను పిలవనని మా అన్న లెక్కేసుకున్నాడు.

"సరేన్నా" అన్నాను.